చుక్కకి ముందు ఖాళీ

"చదువు అత్తా... అదే, చదవండి మేడమ్," అని ఇన్‌స్పెక్టర్ నాలుక కరుచుకున్నాడు.

స్టేషన్లో ఉండగా అత్తా అని పిలవకూడదన్నది అతను తనకు తానే పెట్టుకున్న నియమం. డిటెక్టివ్ అతనికి సొంత మేనత్త. చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన చెయ్యే ఇప్పుడు తన కేసుల్లో వేలు పెడుతుంటే అతనికి ఒళ్ళు మండుతుంది. ఆ మంట చూస్తే ఆవిడకి మహా సరదా. దళసరి కళ్ళద్దాల పుణ్యమా అని జనం ఆవిడకి 'భూతద్దం' అని పేరు పెట్టారు. ఆవిడ నొచ్చుకోకపోగా ఆ పేరుతోనే తలుపుకి బోర్డు కొట్టించుకుంది.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది ఆ రోజు పొద్దున పదీ ఇరవైకి వచ్చిన మెయిల్.

"మీ చెల్లెలు ఇక లేదు .  ఆమె కోసం వెతకవద్దు .  వెతికినా తిరిగి రాదు .  ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యండి ."

"కాలవగట్టున ఆ అమ్మాయి స్కూటర్ దొరికి ఇవాళ్టికి మూడో రోజు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వెనక మడ్‌గార్డు సొట్టపోయింది. ఎవరో గుద్ది తోసేశారు. అమ్మాయి జాడ లేదు. ఇప్పుడీ మెయిల్. ఎక్కణ్ణించి పంపారో తేల్చడానికి రెండు రోజులు పడుతుందిట. నాకు అంతసేపు అక్కర్లేదు. ఆ రెండో కాగితం చూడండి."

రెండోది ఒక షాపు గోడ మీంచి పీకి తెచ్చిన నోటీసు. "పాత బోర్డులకు కొత్త రంగులు వేస్తాము .  లోపలికి దయచేయండి .  బేరాలు లేవు ."

భూతద్దం కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకి ఆనించి చూసింది. రెండు కాగితాల్లోనూ ప్రతి చుక్కకీ ముందు ఒక ఖాళీ ఉంది. చుక్క తర్వాత రెండు ఖాళీలున్నాయి.

"నేను ముందే పట్టుకున్నాను," అన్నాడు మేనల్లుడు, ఆవిడ నోరు తెరవకముందే. "లోకంలో అందరూ చుక్కని అక్షరం పక్కనే పెడతారు. తర్వాత ఒక ఖాళీ వదుల్తారు. పాతకాలం వాళ్ళయితే రెండు వదుల్తారు. చుక్కకి ముందు కూడా వదిలేవాణ్ణి ఇంతవరకూ ఒకణ్ణే చూశాను. వాడు లాకప్పులో ఉన్నాడు. సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేట్ ముందు నిలబెడతాను. హత్యానేరం."

"శవం లేకుండానే?"

"కాలవలో మనుషుల్ని దింపాను. దొరుకుతుంది."

ఆ మాటకి గోడవారగా బెంచీ మీద కూర్చున్న అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. మందుల షాపులో డ్యూటీ మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, తెల్లకోటు ఇంకా విప్పలేదు. తప్పిపోయింది ఆవిడ చెల్లెలు. లాకప్పులో ఉన్నది ఆవిడ మొగుడు. ఎవరికోసం ఏడవాలో తెలియని స్థితి అది. నిన్న భూతద్దం ఇంటి తలుపు తట్టి ఆవిడ అడిగింది ఒక్కటే, "నా చెల్లెలు బతికుందో లేదో చెప్పండి చాలు" అని.

ఇప్పుడు మాత్రం ఇంకో మాట కూడా అంది. "అది చచ్చిపోయిందని వీళ్ళు తేల్చేస్తే ఇంక వెతకరు కదండీ?"

భూతద్దం లేచి లాకప్పు వైపు నడిచింది. వెతకరని ఆవిడకి తెలుసు.

లాకప్పులో ఉన్న మనిషి గోడకి చేరబడి కూర్చున్నాడు. బోర్డుల షాపు అతనిదే. అసలు అతను బావ అయింది తప్పిపోయిన అమ్మాయి ఒక్కదానికే. కానీ ఆ పిల్ల వీధి మొదట్లోంచే బావా అని కేకేసుకుంటూ రావడం వల్ల వీధి వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. ఆఖరికి కాపలా కానిస్టేబుల్ కూడా, "లే బావా, మేడమ్ వచ్చారు" అన్నాడు.

"మరదలితో గొడవపడ్డావట?" అంది భూతద్దం.

"పడ్డానండి. ఆ ఉద్యోగం మానెయ్యమన్నాను. నీళ్ళు పరీక్షించే ఆఫీసులో రిపోర్టులు టైపు చేస్తుంది. వారం నించి ఏదో ఒక రిపోర్టు పట్టుకుని నిద్రాహారాలు మానేసింది. అడిగితే చెప్పదు. కోపమొచ్చి అరిచాను. పక్కింటివాళ్ళు విన్నారు. అరిచినవాళ్ళందరూ చంపేస్తారా మేడమ్?"

"పొద్దున పదీ ఇరవైకి ఎక్కడున్నావు?"

"షాపులో. ఒక్కణ్ణే. అదే కదా నా ఖర్మ."

"చుక్కకి ముందు ఖాళీ ఎందుకు వదుల్తావు?"

"ఏ ఖాళీ?"

ఆవిడ నోటీసు చూపించింది. బావ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, చెయ్యి చాపి దూరంగా పెట్టి చూశాడు. మొహం పాలిపోయింది. "ఇది కొట్టింది నేనే. కానీ నాకెప్పుడూ కనపడలేదండీ!"

"బ్రహ్మాండంగా నటిస్తున్నాడు," అన్నాడు వెనకనించి ఇన్‌స్పెక్టర్.

భూతద్దం అతని మాట పట్టించుకోకుండా బావని బయటికి రప్పించి స్టేషన్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఒక ఫైలు అట్ట కప్పింది. "నోటికొచ్చింది కొట్టు" అంది. అతను కొట్టాడు. ఆవిడ అక్షరాల జోలికి పోలేదు, అతని బొటనవేలినే చూస్తూ నిలబడింది. వాక్యం అయిపోతుండగా ఆ వేలు దానంతట అదే వెళ్ళి స్పేస్‌బార్ మీద పడేది, తర్వాత చుక్క, ఆ తర్వాత మళ్ళీ రెండుసార్లు వేలు. మనిషి మొహంలో మాత్రం ఆ సంగతే లేదు.

"ఈ వేలికి చదువు చెప్పిందెవరు?"

"టైపు మాస్టారండి. రైలు గేటు అవతల ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మూలనున్న మెషీన్ మీద నేర్చుకున్నాను. మహా మొండిది అది. ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, ఆలస్యంగా చేరానని నాకు అంటగట్టారు." అతను తల గోక్కున్నాడు. "మా మరదలు కూడా అక్కడే నేర్చుకుంది. ఏ మెషీనో తెలీదు. తనది సాయంత్రం బ్యాచి."

భూతద్దం మెడ చటుక్కున మేనల్లుడి వైపు తిరిగింది.

"నాకు తెలుసు మీరేం అనబోతున్నారో," అన్నాడతను చెయ్యెత్తి. "నేనూ వెర్రివాణ్ణి కాదు. ఆ అమ్మాయి ఆఫీసులో టైపు చేసిన రిపోర్టులన్నీ తెప్పించాను. చుక్కలన్నీ బుద్ధిగా అక్షరం పక్కనే ఉన్నాయి. తర్వాత ఒకటే ఖాళీ. ఆ అలవాటు ఆమెకి లేదు. ఇంక ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

"అయిదింటిదాకా టైముందిగా నాయనా," అని ఆవిడ సంచీ భుజాన వేసుకుంది.

ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో మూతపడింది. ముందు గదిలో ఇప్పుడు జిరాక్సు షాపు. ఒక కాపీ మెషీను, ఒక పాత కంప్యూటరు, దాని మీటల మీద టైపు మెషీను అక్షరాలు చేత్తో రాసి అంటించిన కాగితపు ముక్కలు. వెనక గదిలో గుడ్డ ముసుగులు కప్పుకుని టైపు మెషీన్లు వరసగా ఉన్నాయి. పక్కనించి మేడ మెట్లు పైకి వెళ్తున్నాయి.

టైపు మాస్టారు బక్కపల్చని మనిషి. గొంతు మాత్రం లౌడ్‌స్పీకర్.

"డిటెక్టివా? పోలీసుల తరఫున వచ్చారా?" అని గోడలు అదిరేలా అడిగాడు.

"నాకు చెవుడు లేదండీ," అంది భూతద్దం.

"నాది పాఠాలు చెప్పిన గొంతమ్మా, తగ్గదు!" అని ఇంకా గట్టిగా అన్నాడాయన.

ఆవిడ వెనక గదిలో మూలకి వెళ్ళి మెషీను ముసుగు తీసింది. మాస్టారు వెంటపడ్డాడు. "మా మెషీన్లలో లోపం అంటూ ఉండదు. ముందే చెప్తున్నాను."

ఆవిడ కాగితం ఎక్కించి, చూపుడు వేళ్ళతో తడుముకుంటూ ఒక వాక్యం కొట్టి చుక్క పెట్టింది. చుక్క అక్షరం పక్కన పడలేదు. వెనక్కి వెళ్ళి ఆఖరి అక్షరం పొట్టలో కూర్చుంది. ఇంకో వాక్యం కొట్టింది. మళ్ళీ అదే వరస. లోపలికి తొంగి చూస్తే చుక్క తాలూకు కడ్డీ ఎడమవైపుకి వంగి ఉంది.

"దీన్ని లోపం అనరా మాస్టారూ?"

"అనరు. స్పేస్ కొట్టి చుక్క పెట్టాలి. అప్పుడు సరిగ్గా పడుతుంది. తర్వాత రెండు స్పేసులు, అది ఎలాగూ నేను అందరికీ నేర్పిన పద్ధతే. మనిషి కాస్త సర్దుకుపోతే మెషీను బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"బాగుచేయించొచ్చు కదా?"

"ఎందుకూ? పాడైతే కదా!"

భూతద్దానికి నవ్వొచ్చింది. కడ్డీ వంచి సరిచెయ్యడానికి ఒక మెకానిక్కుకి పూట పని. దాని బదులు ఈ మహానుభావుడు మనుషుల వేళ్ళు వంచాడు. ఆ వేళ్ళు ఇప్పటికీ అలాగే వంగి ఉన్నాయి.

"ఈ కడ్డీ ఎప్పుడు వంగింది?"

మాస్టారు కాసేపు గునిసి ఒప్పుకున్నాడు. ఈ ఇంటికి మారేటప్పుడు లారీ దింపుతుంటే మెషీను జారి పడిందిట. మూసేసే ముందు ఆఖరి సంవత్సరం అది. అప్పటికే పిల్లలు కంప్యూటర్ల వెంట పడ్డారు. ఉన్న కొద్దిమందీ మంచి మెషీన్లు పంచేసుకున్నారు. మూల మెషీను మీద కూర్చున్నది ఇద్దరే. పొద్దుట బ్యాచిలో బోర్డుల షాపు అబ్బాయి.

"సాయంత్రం?"

ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "ఆ అమ్మాయే. నీళ్ళ ఆఫీసులో చేస్తుందే, ఆ అమ్మాయి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరిలోకీ వేగం దానిదే. కళ్ళకి గంతలు కట్టినా కొడుతుంది."

"ఈ మధ్య మీ దగ్గరికి వచ్చిందా?"

"రాలేదు," అన్నాడు మాస్టారు, ఫ్యాను రెక్కల వైపు చూస్తూ.

"పైన ఏముంది?"

"ఎలుకలు," అన్నాడాయన, మళ్ళీ గోడలు అదిరేలా.

నీళ్ళ ఆఫీసుకి ఆవిడ వెళ్ళేసరికి మూడు దాటింది. దారిలో స్టేషన్ దగ్గర ఆగి అక్కని కూడా వెంటబెట్టుకుంది. మేనల్లుడు అప్పటికే అక్కడున్నాడు. ఆఫీసు సూపరింటెండెంట్ ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఆయన వాంగ్మూలం రాయించుకుంటున్నాడు. సూపరింటెండెంట్ నిండైన మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెత్తని మాట. మూడు రోజులుగా పోలీసులకి ఆఫీసు జీపు ఇచ్చి మరీ సాయం చేస్తున్నాడు.

"మళ్ళీ వచ్చారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది ప్రభుత్వ కార్యాలయం మేడమ్. మీకు ఇక్కడ ఏ అధికారమూ లేదు."

"ఉన్నవాడివి నువ్వున్నావుగా. పక్కన నిలబడు." ఆవిడ సూపరింటెండెంట్‌కి నమస్కారం పెట్టింది. "ఆ అమ్మాయి కంప్యూటర్ ఒక్క నిమిషం చూడొచ్చాండీ?"

"తప్పకుండా. ఆమె కోసం మేం ఏం చెయ్యడానికైనా సిద్ధం," అన్నాడాయన.

మీటల మీద పాత టైపు మెషీను అక్షరాలే ఉన్నాయి. ఇదొక్కటే తనకి వచ్చునని చెల్లెలు పట్టుబట్టి తెప్పించుకున్న కీబోర్డు అది, అని అక్క చెప్పింది. భూతద్దం రిపోర్టు ఫైలు ఒకటి తెరిచి రెండు వాక్యాలు కొట్టింది, చుక్కకి ముందు ఒక ఖాళీ, వెనక రెండు. తెర మీద ఖాళీలు స్పష్టంగా ఉన్నాయి. ఫైలు సేవ్ చేసింది. చూస్తుండగానే చుక్కలు వెళ్ళి అక్షరాల పక్కన చేరాయి, వెనక ఒక్కొక్క ఖాళీయే మిగిలింది.

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు పట్టుకునే లేచి వచ్చాడు. "ఇదేంటి?"

"అది నేనే పెట్టించాను," అన్నాడు సూపరింటెండెంట్ కొంచెం గర్వంగా. "ఒక్కొక్కరు ఒక్కో రకంగా టైపు చేస్తారు. మా ఆఫీసు నించి వెళ్ళే ప్రతి రిపోర్టూ ఒకేలా ఉండాలి కదా. సేవ్ చెయ్యగానే ఎక్కువైన ఖాళీలన్నీ పోతాయి."

"విన్నావా?" అంది భూతద్దం మేనల్లుడితో. "నువ్వు చూసిన రిపోర్టుల్లో చుక్కలు పెట్టింది ఆ అమ్మాయి కాదు, ఈ కంప్యూటర్."

"అంతమాత్రాన ఆమెకి ఆ అలవాటు ఉన్నట్టేనా?" అని అతను మొండికేశాడు. "లేకపోయినా రిపోర్టులు ఇలాగే ఉంటాయి. మీరు తేల్చింది ఏమీ లేదు."

మాట నిజమే. భూతద్దం మనసులో మెచ్చుకుంది, పైకి మాత్రం మూతి ముడిచింది. రిపోర్టు కాని కాగితం కావాలి. ఆవిడ గది గదీ తిరిగింది. బీరువాల మీద, తలుపుల మీద, కిటికీల పక్కన ఎక్కడ ఏది అంటించి ఉన్నా కళ్ళద్దాలు పైకి నెట్టి చూసింది. ఆఫీసంతా ఆవిడ వెనకే నడిచింది. చివరికి టీ గదిలో, కుళాయి పైన, తడికి అంచులు మడతపడిన ఒక కాగితం దగ్గర ఆగింది.

"తాగిన గ్లాసు కడిగి బోర్లించండి .  నీళ్ళు పరీక్షించే ఆఫీసులో మురికి గ్లాసు ఏం బాగుంటుంది ."

"ఇది ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు పెడతారండీ, ఆ అమ్మాయే," అంది పక్క సీటు గుమస్తా. "మామీద రోజూ కేకలేసి, విసుగొచ్చి కొట్టి అంటించింది."

ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉన్న గ్లాసు ఎందుకో కుళాయి కింద పెట్టి కడిగాడు. భూతద్దం గొంతు సవరించుకుంది. ఇలాంటి ఘడియ కోసమే ఆవిడ ఈ వృత్తిలో ఉంది, ఆ సంగతి దాచుకోవడం కూడా ఆవిడకి చేతకాదు.

"చుక్కకి ముందు ఖాళీ వదిలే మనుషులు ఇద్దరే. ఆ మెషీను మీద ఇంకెవరూ కూర్చోలేదు. మెయిల్ అతను కొట్టాడంటావు, చంపినవాడు ఆ సంగతి తనే మెయిల్ పెట్టి చాటుకుంటాడా? ఆ పిల్ల కొట్టకూడదని ఎక్కడుంది? చావు కబురు కదా, చచ్చినవాళ్ళు ఎలా పంపుతారని మనం అటు చూడనే లేదు. మాటలు ఎవరివో అయినట్టు రాసింది, వేళ్ళని మాత్రం మార్చుకోలేకపోయింది. తనకా అలవాటున్నట్టు తనకే తెలీదు, బావకి తెలీనట్టే. తెలిస్తే ఆ మెయిల్ పంపి బావని ఇరికించేదా?" ఆవిడ అక్క వైపు తిరిగింది. "అమ్మా, ఇవాళ పొద్దున పదీ ఇరవైకి మీ చెల్లెలు ఒక కీబోర్డు ముందు కూర్చుని ఉంది. బతికే ఉంది."

అక్క నిలబడ్డచోటే కూలబడింది. గుమస్తా ఆవిడని పట్టుకుని తనూ ఏడ్చేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. మూడు రోజుల తర్వాత ఆ ఆఫీసులో మనుషులు పెద్దగా ఊపిరి పీల్చుకున్నారు.

"అంతే కాదు," భూతద్దానికి ఊపు ఆగలేదు. "ఆ పిల్లకి వచ్చినది పాత టైపు మీటలే. అలాంటి కీబోర్డు ఇక్కడ ఒకటుంది, టైపు మాస్టారి జిరాక్సు షాపులో ఒకటుంది. ఆయన నాతో అంత గట్టిగా అరిచింది నాకోసం కాదు, పై అంతస్తులో ఉన్న మనిషికి వినపడాలని. పిల్ల రైలు గేటు అవతల మాస్టారి మేడ మీద ఉంది!"

"ఒప్పుకున్నాను అత్తా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానిస్టేబుళ్ళ ముందే అన్నాడు, నాలుక కూడా కరుచుకోలేదు. "బావని వదిలెయ్యమని ఇప్పుడే ఫోన్ చేస్తాను." ఫోను తియ్యబోయి ఆగాడు. "కానీ ఒకటి అర్థం కావట్లేదు. బతికుండి, చచ్చిపోయానని సొంత అక్కని ఎందుకు ఏడిపించింది?"

భూతద్దం నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

తను అడగాల్సిన ప్రశ్న అది. అందరికంటే ముందు, నోరు విప్పకముందు అడగాల్సిన ప్రశ్న. అక్కని ఏడిపించడానికి ఎవరూ చావు కబురు పంపుకోరు. తను చచ్చిందని ఇంకెవరో నమ్మాలి. స్కూటర్‌ని వెనకనించి గుద్ది, కాలవలో పడిందనుకుని వెళ్ళిపోయిన మనిషి నమ్మాలి, మళ్ళీ వెతక్కుండా ఉండాలి.

"ఆ మెయిల్ ఎవరెవరికి వచ్చింది?"

"అక్కగారికీ, ఈ ఆఫీసుకీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆఫీసుకెందుకు?"

భూతద్దం గుమస్తా భుజం పట్టుకుంది. "వారం నించి ఆ పిల్లకి నిద్ర లేకుండా చేసిన రిపోర్టు ఏది?"

గుమస్తా కళ్ళు తుడుచుకుంది. "కార్మికుల కాలనీ బోరు నీళ్ళదండీ. అక్కడ పిల్లలు జబ్బు పడుతున్నారు. నీళ్ళు తాగడానికి పనికిరావని పరీక్షలో వచ్చింది. పనికొస్తాయని మార్చి కొట్టమన్నారు. తను కొట్టనంది."

"ఎవరు కొట్టమన్నారు?"

గుమస్తా తలుపు వైపు చూసింది. అందరూ చూశారు. ఇంతసేపూ తలుపు పక్కన నిలబడి విన్న సూపరింటెండెంట్ అక్కడ లేడు. కిటికీలోంచి చూస్తే ఆఫీసు జీపు నిలిపే చోటు ఖాళీగా ఉంది.

"నేనే చెప్పాను," అంది భూతద్దం. "ఆ పిల్ల మూడు రోజులు పడ్డ కష్టం నేను ఒక్క నిమిషంలో ఊదిపారేశాను. ఇల్లు కూడా చూపించాను."

"నేను మూడు రోజులుగా ఆయన జీపులోనే తిరుగుతున్నాను," అన్నాడు మేనల్లుడు. "ఆ అమ్మాయి పోలీసుల దగ్గరికి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. పద అత్తా. తిట్టుకోవడం బండిలో."

పోలీసు బండి రోడ్డెక్కింది. మాస్టారి షాపుకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. రైలు గేటు దగ్గర్లో ఉన్న కానిస్టేబుళ్ళని పరిగెత్తమని ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌లో చెప్పాడు. ఆ పిల్లకి కబురు చేరే దారి ఒకటే మిగిలింది, ఆమె మెయిల్ పంపిన ఆ కొత్త అడ్రసు. కానీ పోలీసులనో డిటెక్టివ్ అనో రాస్తే నమ్ముతుందా? మనుషుల్ని నమ్మే స్థితిలో ఉంటే మేడ మీద ఎందుకు దాక్కుంటుంది?

"బావ చేత కొట్టించు," అంది భూతద్దం. "పేరు పెట్టకపోయినా పరవాలేదు. ఆ చుక్కలు చూస్తే తెలుస్తుంది. తనకి తెలియకపోయినా పక్కనున్న మాస్టారికి తెలుస్తుంది. ఆ పద్ధతి నేర్పింది ఆయనే."

ఇన్‌స్పెక్టర్ ఫోన్లో కేకేశాడు. స్టేషన్లో బావని లాకప్పులోంచి పరుగున తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. అతను కొట్టింది కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ ఫోనుకి కూడా పంపాడు.

"నేను బావని .  మీ సూపరింటెండెంట్ మీ దగ్గరికే వస్తున్నాడు .  తలుపులు వేసుకోండి .  ఈ పోలీసుల్ని నమ్ము .  అక్క బాగుంది ."

బండి రెండు మలుపులు తిరిగింది. వెనక సీట్లో అక్క భూతద్దం చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఆ చెయ్యి తనని నిలదీస్తున్నట్టుందో ధైర్యం చెబుతున్నట్టుందో భూతద్దానికి తెలియలేదు. తిట్టినా పడేదే, అందుకు తగ్గ పనే చేసింది. కానీ అక్క తిట్టలేదు. "అది బతికుందని చెప్పారు," అంది. "ఇంకేం కావాలన్నా దాని తర్వాతే."

ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. జవాబు వచ్చింది. అతను ఫోను వెనక్కి అందించాడు. అక్క కళ్ళనిండా నీళ్ళు, చదవలేకపోయింది. భూతద్దం చదివింది.

"బావా .  మాస్టారు షట్టర్ దించేశారు .  ఎవరో బయట గట్టిగా కొడుతున్నారు .  నేను కిందికి దిగి కంప్యూటర్ దగ్గర ఉన్నాను .  అసలు రిపోర్టు నా దగ్గరే ఉంది, దాన్ని మాత్రం వాడికి దొరకనివ్వను .  అక్కతో చెప్పు నేను"

అంతే. తర్వాత ఏమీ లేదు.

"ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, అద్దంలోంచి ఆవిడ మొహం చూసి.

"ఆఖరి వాక్యానికి చుక్క లేదు."

"అంటే? లోపలికి వచ్చేశాడా?"

అక్క వేళ్ళు ఆవిడ చేతి మీద బిగుసుకున్నాయి. భూతద్దం తెర వైపు ఇంకోసారి చూసింది. సైరన్ మోతలో గొంతు పెంచి మాస్టారికంటే గట్టిగా అరిచింది.

"అంటే ఇంకా చెప్పాల్సింది ఉందని. అది వాళ్ళక్కతోనే చెప్పుకుంటుంది. ముందున్న రైలు గేటు పడేలా ఉంది, పోనివ్వరా!"